తల్లి చెప్పిన చదువు: పండిత రమాబాయి జీవితం

మరమగ్గాల చప్పుడు రేయింబవళ్ళు వినిపించే భివండి పట్టణంలో తెలుగు కుటుంబాలు స్థిరపడి తరాలు గడిచాయి. కరీంనగరం, నల్లగొండ, వరంగల్లు, పాలమూరు ప్రాంతాల నుండి నేతపనిని నమ్ముకొని వచ్చిన ఈ కుటుంబాలు స్వగ్రామాలకు పోవలసివచ్చినప్పుడు కల్యాణ్‌లో రైలెక్కి పూణె, షోలాపురం మీదుగా ప్రయాణం చేయడం పరిపాటి. పూణె దాటి దౌండు చేరేలోపల కేడ్‌గావ్ అనే చిన్న స్టేషను వస్తుంది. కిటికీ ప్రక్కన కూర్చున్న ప్రయాణికులు ఆ పేరు చదివేలోపే రైలు ముందుకు సాగిపోతుంది. ఆ స్టేషనుకు సమీపంలోనే, తిండి లేక, నీడ లేక, అక్షరం లేక అలమటించిన వందలాది ఆడపిల్లలకు ఇల్లూ బడీ రెండూ తానే అయి నిలిచిన ఒక మహోపాధ్యాయురాలు నివసించారు. ఆమె పేరు పండిత రమాబాయి.

బ్రతుకుతెరువు కోసం పుట్టిన ఊరు విడిచిన వారికి ఆమె జీవితం పరాయిది కాదు. ఆమెకు బాల్యంలో ఊరంటూ లేదు. దారే ఆమె ఇల్లు. పాఠశాల గడప తొక్కి చదువుకొనే భాగ్యమూ ఆమెకు కలుగలేదు. తల్లే ఆమెకు గురువు. ఆ తల్లి చెప్పిన చదువే ఆమెను పండితురాలిని చేసింది. ఆ చదువునే ఆమె తన కూతురికి, కూతురితో పాటు వేలమంది కన్నబిడ్డలు కాని బిడ్డలకు పంచిపెట్టారు. భార్యగా, తల్లిగా, ఉపాధ్యాయురాలిగా, దృఢవిశ్వాసం గల క్రైస్తవురాలిగా ఆమె గడిపిన జీవితం సుఖమయమైనది కాదు. కాని అది సార్థకమైన జీవితం.

అడవిలో వెలసిన బడి

రమాబాయి తండ్రి అనంతశాస్త్రి డోంగ్రే మంగళూరు ప్రాంతానికి చెందిన సంస్కృత విద్వాంసుడు. ఆయన యౌవనంలో పూణె నగరంలో శాస్త్రాధ్యయనం చేస్తున్నప్పుడు, ఆయన గురువు పీష్వా రాజమందిరానికి వెళ్ళి రాణికి సంస్కృతం బోధించేవారు. స్త్రీలు సంస్కృతం చదువరాదని లోకం నమ్మే కాలమది. రాణి నోట సంస్కృత శ్లోకాలు విన్న ఆ శిష్యుని మనస్సులో ఒక సంకల్పం నాటుకొన్నది. తన భార్యకు కూడా తాను విద్య నేర్పాలని ఆయన నిశ్చయించుకొన్నాడు. ఇంటికి మరలివచ్చి ప్రయత్నం చేశాడు గాని, పెద్దల వ్యతిరేకతకు తోడు భార్యకు కూడా ఆసక్తి లేకపోవడంచేత అది సాగలేదు.

ఆ భార్య మరణించిన తరువాత, తీర్థయాత్రలో ఉండగా గోదావరీ తీరంలో ఆయనకు లక్ష్మీబాయితో వివాహం జరిగింది. అప్పటికి ఆ బాలిక వయస్సు 9 సంవత్సరాలు. వరునికి నలభై దాటాయి. ఆ కాలపు ఆచారం అటువంటిది. అయితే ఆ వివాహం తరువాత జరిగినది మాత్రం ఆ కాలానికి అసాధారణమైనది. అనంతశాస్త్రి తన చిన్నారి భార్యకు సంస్కృతం నేర్పసాగాడు. బంధువులు ఆక్షేపించారు. ఉడిపిలో పండితుల ఎదుట ఆయన సంజాయిషీ చెప్పుకోవలసి వచ్చింది. స్త్రీలకు విద్య నేర్పడం శాస్త్రవిరుద్ధం కాదని గ్రంథ ప్రమాణాలతో ఆయన వాదించాడు. అయినా ఇంటిలో ప్రశాంతత కరువై, భార్యను వెంటబెట్టుకొని పడమటి కనుమలలోని గంగామూల అడవికి వెళ్ళి ఆశ్రమం ఏర్పరచుకొన్నాడు. ఆ కీకారణ్యంలో 1858 ఏప్రిల్ 23న రమాబాయి జన్మించింది.

అతిథులకూ శిష్యులకూ లేదనకుండా పెట్టి పెట్టి ఆ ఆశ్రమం అప్పులపాలయింది. ఆరు నెలల పసికందుగా ఉన్న రమాబాయిని వెదురుబుట్టలో పడుకోబెట్టి, పనివాని తలపై ఉంచి, ఆ కుటుంబం కొండ దిగింది. నాటినుండి వారి బ్రతుకంతా యాత్రే. ఒక పుణ్యక్షేత్రం నుండి మరియొక పుణ్యక్షేత్రానికి కాలినడకన వెళ్ళడం, గుడి ముంగిట కూర్చుండి పురాణం చదవడం, వినవచ్చినవారు ఇచ్చిన గింజలతో, పైసలతో పొట్టపోసుకోవడం వారి దినచర్య.

ఈ సంచార జీవితంలోనే లక్ష్మీబాయి తన కడగొట్టు కుమార్తెకు చదువు చెప్పింది. అనంతశాస్త్రికి వార్ధక్యం పైబడినందున ఆ బాధ్యత తల్లి వహించింది. ఇంటి చాకిరి మొదలుకాకముందే, తెల్లవారుజామున, నిద్రమత్తు వదలని పాపను లేపి ఒడిలో కూర్చోబెట్టుకొని పాఠం వల్లె వేయించేది. పలకా బలపం లేవు; కాగితం లేదు; చెవిన పడినది నాలుకపై నిలవాలి. పదిహేనేళ్ళు వచ్చేసరికి రమాబాయికి భాగవతంలోని 18,000 శ్లోకాలు కంఠస్థమయ్యాయి. వ్యాకరణం, కోశం పట్టుబడ్డాయి. ఊరూరా తిరగడంవల్ల కన్నడం, మరాఠీ, హిందీ భాషలు సహజంగానే అబ్బాయి. అక్క కృష్ణాబాయికి బాల్యవివాహం వల్ల కలిగిన కష్టాన్ని చూచిన తల్లిదండ్రులు, రమాబాయికి పెళ్ళి చేయడానికి తొందరపడలేదు. ఆ కాలంలో ఇది ఎంతటి సాహసమో ఊహించుకోవలసిందే.

కరవు కాలం

1874 నాటికి దక్షిణదేశమంతా క్షామం తాండవించింది. పురాణం వినేవారు లేరు; విన్నా పెట్టగలవారు లేరు. శాస్త్రి కుటుంబం ఉన్న పాత్రలు, బట్టలు అమ్ముకొన్నది. చేతిపని నేర్చినవారు కాదు. యాచించడానికి అభిమానం అడ్డువచ్చింది. చిట్టచివరకు ఆ కుటుంబం తిరుపతి వేంకటగిరి ప్రాంతపు అడవులకు చేరింది. పదకొండు రోజులు నీళ్ళతో, ఆకులతో, అడవి ఈతపండ్లతో ప్రాణాలు నిలుపుకొన్నారు. చూపు కోల్పోయిన వృద్ధుడైన తండ్రి ఆ అలసటను తట్టుకోలేక కన్నుమూశాడు. మనకందరికీ పవిత్రమైన తిరుమల కొండల నీడలోనే రమాబాయి తండ్రిని పోగొట్టుకొన్నది.

కొద్దికాలానికే తల్లి కూడా జ్వరపడి మరణించింది. పాడె మోయడానికి నలుగురు బ్రాహ్మణులు కావలెను, ఇద్దరే దొరికారు. మిగిలిన రెండు కొమ్ములను అన్న శ్రీనివాసశాస్త్రి, పదహారేళ్ళ రమాబాయి పట్టుకొన్నారు. శ్మశానం ఊరికి దూరంగా ఉంది. పొట్టిగా ఉండడంచేత ఆమె పాడె కొమ్మును భుజాన కాక తలపై మోయవలసివచ్చింది. తనను పండితురాలిగా తీర్చిదిద్దిన తల్లిని ఆమె ఆ విధంగా సాగనంపింది. మరుసటి సంవత్సరం అక్క కృష్ణాబాయి కూడా కన్నుమూసింది. అన్నాచెల్లెళ్ళు ఇద్దరే మిగిలి, ఉత్తరదిశగా వేల మైళ్ళు నడిచారు. ఒకపూట తిని ఒకపూట పస్తుండి, చలికాలంలో నదీతీరపు ఇసుకలో గొయ్యి త్రవ్వుకొని మెడవరకు ఇసుక కప్పుకొని పడుకొన్న రాత్రులు వారి యాత్రలో ఉన్నాయి. ఆకలి ఎట్లా ఉంటుందో ఆమె పుస్తకాలలో చదివి తెలిసికొనలేదు. ఇరవై సంవత్సరాల తరువాత ఆమె చేసిన పనికి బీజం ఇక్కడే పడింది.

కలకత్తా గౌరవం, కాచారు కాపురం

1878లో అన్నాచెల్లెళ్ళు కలకత్తా చేరారు. అనర్గళంగా సంస్కృతం మాట్లాడే యువతి వచ్చిందన్న వార్త నగరమంతా వ్యాపించింది. పండితులు ఆమెను సభాముఖంగా పరీక్షించి, పండిత, సరస్వతి అనే బిరుదులతో సత్కరించారు. బ్రహ్మసమాజ నాయకుడు కేశవచంద్రసేన్ ఆమెకు వేదగ్రంథాన్ని బహూకరించి చదువుమని ప్రోత్సహించారు. బిరుదులు పొందిన నాటినుండి ఆమె వంగదేశంలో పలుచోట్ల స్త్రీవిద్యను గురించి ఉపన్యసించారు. 1880లో ఢాకాలో అన్న శ్రీనివాసశాస్త్రి మరణించారు. రక్తసంబంధీకులలో ఆమెకు చివరి ఆసరా అన్నే. ఆయన పోయాక ఆమె ఒంటరివారయ్యారు.

అదే సంవత్సరం అన్నగారి మిత్రుడు, న్యాయవాది అయిన బిపిన్ బిహారీ మేధావిని ఆమె వివాహమాడారు. ఆయన వంగదేశీయుడు, వేరు కులంవాడు. అందుచేత ఆ వివాహం చట్టప్రకారం రిజిస్టరు పద్ధతిలో జరిగింది. ఇరుప్రక్కల బంధువర్గాల ఆదరణ వారికి దక్కలేదు. అయినా అస్సాం ప్రాంతంలోని కాచారు జిల్లా సిల్చారులో వారి కాపురం అన్యోన్యంగా సాగింది. బాలవితంతువుల కోసం ఒక పాఠశాల తెరవాలని భార్యాభర్తలు కలిసి ఆలోచన చేశారు. 1881 ఏప్రిల్ 16న కుమార్తె జన్మించింది. మనస్సుకు ఆనందం కలిగించే బిడ్డ గనుక మనోరమ అని పేరు పెట్టుకొన్నారు.

ఆ సంతోషం నిలువలేదు. 1882 ఫిబ్రవరి 4న బిపిన్ బిహారీ కలరా సోకి మరణించారు. రెండేళ్ళు కూడా నిండని దాంపత్యం. చేతిలో పది నెలల పసిపాప. వయస్సు ఇరవై నాలుగైనా నిండలేదు. ముందు వెనుకల ఎవరూ లేరు. ఏ వితంతువుల కోసం బడి పెట్టాలని భర్తతో కలిసి తలపోశారో, ఇప్పుడు తానే ఆ వితంతువులలో ఒకరయ్యారు. దంపతులు కన్న కలను ఒంటరిగా నెరవేర్చవలసిన భారం ఆమెపై పడింది.

విదేశాలలో విద్య, విశ్వాసం

బిడ్డను చంకనెత్తుకొని రమాబాయి మహారాష్ట్రకు వచ్చారు. పూణెలో న్యాయమూర్తి రానడే వంటి సంస్కర్తలు ఆమెను ఆదరించారు. 1882లో ఆమె ఆర్య మహిళా సమాజాన్ని స్థాపించారు. స్త్రీధర్మనీతి అనే మరాఠీ గ్రంథం వ్రాశారు. అదే ఏడు దేశంలోని విద్యావిధానంపై విచారణ జరుపుతున్న హంటర్ కమిషన్ ఎదుట సాక్ష్యమిచ్చారు. ఆడపిల్లలకు ఉపాధ్యాయినులు ఉండాలనీ, ఆ ఉపాధ్యాయినులకు తగిన శిక్షణ ఇవ్వాలనీ, బాలికల పాఠశాలలను తనిఖీ చేయడానికి స్త్రీలనే నియమించాలనీ, స్త్రీలకు వైద్యవిద్య నేర్పాలనీ కోరారు. నేడు సామాన్యంగా కనిపించే ఈ విషయాలు ఆనాడు చాలామందికి వింతగా తోచాయి.

వైద్యవిద్య అభ్యసించాలనే కోరికతో 1883లో మనోరమను తీసుకొని ఆమె ఇంగ్లండు వెళ్ళారు. వాంటేజ్ పట్టణంలోని సెయింట్ మేరీ సోదరీమణుల ఆశ్రమంలో బస దొరికింది. చెవులు సరిగా వినిపించకపోవడంవల్ల వైద్యవిద్య ఆశ వదలుకోవలసివచ్చింది. ఆ సోదరీమణులు పతితలని లోకం వెలివేసిన స్త్రీలను దగ్గరకు చేర్చుకొని సేవ చేయడం ఆమె కళ్ళారా చూచారు. ఆ సేవ ఆమె హృదయాన్ని కదిలించింది. సిల్చారులో ఉన్నప్పుడే ఆమె సువార్త గ్రంథాన్ని కొంత చదివి ఉన్నారు. 1883 సెప్టెంబరు 29న తల్లీకూతుళ్ళిద్దరూ బాప్తిస్మం పొందారు.

మతం మారినా ఆమె తెల్లని చీర విడువలేదు. శాకాహార నియమం విడువలేదు. స్వదేశాభిమానం అసలే విడువలేదు. తన కూతురు భారతీయ బాలికగానే పెరగాలనీ, మరాఠీ మరువరాదనీ ఆమె పట్టుబట్టారు. చెల్టెన్‌హామ్ మహిళా కళాశాలలో ఒకవైపు చదువుకొంటూ మరొకవైపు సంస్కృతం బోధించారు. మగపిల్లలకు ఆమె పాఠం చెప్పరాదని కొందరు మతాధికారులు ఆటంకపెట్టినప్పుడు, తన దేశంలో తాను పురుషుల సభలలో మాట్లాడిన దానినని గుర్తుచేసి ఆ ఆంక్షను అంగీకరించలేదు. దేవునిపై ఆమెకు గల భక్తి, మనుష్యులు విధించే ప్రతి కట్టడికీ తలవంచే భక్తి కాదు.

1886 మార్చిలో ఆమె అమెరికా వెళ్ళారు. బంధువైన ఆనందీబాయి జోషి ఫిలడెల్ఫియాలోని మహిళా వైద్యకళాశాలలో పట్టా పుచ్చుకొనే ఉత్సవాన్ని చూడడం ఆ ప్రయాణానికి తక్షణ కారణం. పిమ్మట ఆమె అక్కడనే ఉండి, ఫ్రోబెల్ రూపొందించిన కిండర్‌గార్టెన్ పద్ధతిని అభ్యసించారు. ఆటపాటలతో, వస్తువులను చేతికిచ్చి పసిపిల్లలకు నేర్పే ఆ పద్ధతికి అనువుగా మరాఠీలో వాచకాలు తయారుచేసుకొన్నారు. ఆ కాలంలో మనోరమను కొంతకాలం వాంటేజ్ సోదరీమణుల వద్ద విడిచి ఉండవలసివచ్చింది. ఉన్న ఒక్క బిడ్డను సముద్రానికి ఆవల ఉంచి, ఇతరుల బిడ్డల కోసం బడి కట్టడానికి ఊరూరా తిరిగిన ఆ తల్లి మనోవేదన తల్లులకే తెలుస్తుంది.

1887లో ఆమె ఆంగ్లంలో వ్రాసిన అగ్రవర్ణ హిందూ స్త్రీ అనే గ్రంథం వెలువడింది. బాలవధువుల, వితంతువుల దుస్థితిని అది లోకానికి చాటింది. ఆ గ్రంథాన్ని ఆమె తన తల్లి లక్ష్మీబాయికి అంకితం చేశారు. తెల్లవారుజామున పాఠం చెప్పిన తల్లి పేరు అట్లా అమెరికాలో అచ్చయిన గ్రంథం తొలిపుటకెక్కింది. అదే సంవత్సరం డిసెంబరులో బోస్టన్ నగరంలో రమాబాయి సంఘం ఏర్పడి, ఆమె నెలకొల్పబోయే పాఠశాలకు పదేళ్ళపాటు ధనసహాయం చేయడానికి పూనుకొన్నది.

శారదా సదనం

1889 మార్చి 11న బొంబాయి చౌపాటీలో శారదా సదనం ఆరంభమయింది. మొదట చేరినవారు వ్రేళ్ళపై లెక్కింపదగినవారే. వారిలో గోదూబాయి అనే బాలవితంతువు ఒకరు. చిన్ననాడే భర్తను పోగొట్టుకొని, జీవితమంతా వంటింటి చీకటిలో గడపవలసిన ఆ యువతి, రమాబాయి దగ్గర అక్షరం నేర్చింది. 1893లో గణితాచార్యులు ధోండో కేశవ కర్వే ఆమెను పునర్వివాహం చేసుకొన్నారు. ఆనందీబాయి కర్వే అనే పేరుతో ఆమె భర్త చేపట్టిన స్త్రీవిద్యా మహోద్యమంలో జీవితాంతం భాగస్వామి అయ్యారు. కర్వే 1896లో వితంతు ఆశ్రమాన్ని, 1916లో మహిళా విశ్వవిద్యాలయాన్ని స్థాపించారు. ఒక చిన్న బడిలో నాటిన మొక్క ఎంత దూరం నీడనిస్తుందో చెప్పడానికి ఇంతకంటే నిదర్శనం అక్కరలేదు.

1890 చివరలో సదనం పూణెకు తరలింది. తరగతి గదులతో పాటు తోట ఉండేది. పూజాపునస్కారాలు, ఆచారాలు ఎవరివి వారు పాటించుకొనే స్వేచ్ఛ విద్యార్థినులకు ఇవ్వబడింది. అక్కడ ఏ మతబోధా జరుగదన్నది తల్లిదండ్రులకు రమాబాయి ఇచ్చిన మాట. రానడే, భండార్కర్ వంటి పెద్దలు సలహాసంఘంలో ఉండి ఆ మాటకు హామీగా నిలిచారు.

ఇక్కడనే ఆమెకు కఠినమైన పరీక్ష ఎదురయింది. రమాబాయి ప్రతి ఉదయం తన గదిలో కూతురితో కలిసి ప్రార్థన చేసేవారు. ఆ గది తలుపు మూసేవారు కారు. తల్లివలె ప్రేమించే గురువు దగ్గర కూర్చోవాలనే కోరికతో కొందరు బాలికలు ఆ ప్రార్థనకు రాసాగారు. తలుపు మూయమని పెద్దలు కోరారు. తాను ఎవరినీ పిలువలేదు, ఎవరినీ పొమ్మనలేను అన్నది ఆమె నిలకడ. తిలక్ నడిపిన కేసరి పత్రిక తీవ్రంగా విమర్శించింది. 1893లో సలహాసంఘ సభ్యులు రాజీనామా చేశారు. ఇరవైమందికి పైగా బాలికలను వారి పెద్దలు ఇళ్ళకు తీసుకొనిపోయారు.

ఈ ఘట్టంలో న్యాయం ఒక ప్రక్కనే ఉన్నదని చెప్పడం కష్టం. విద్య కోసం బిడ్డను అప్పగించిన తల్లిదండ్రుల భయం నిజమైనది. బోధించకపోయినా గురువు జీవితమే శిష్యులకు బోధ అవుతుందన్నది కూడా నిజం. తన విశ్వాసాన్ని దాచుకోవడం రమాబాయికి అసత్యంగా తోచింది; దాచకపోవడంవల్ల తాను సంపాదించుకొన్న ప్రజావిశ్వాసంలో చాలా భాగం పోయింది. ఆ నష్టాన్ని ఆమె ఎవరిపైనా నిందమోపకుండా భరించారు. ఖాళీ అయిన బల్లల ముందు నిలబడి, మిగిలిన పిల్లలకు యథాప్రకారం పాఠం చెప్పారు. పాఠశాలను మాత్రం మూయలేదు.

కేడ్‌గావ్ ముక్తి

1896లో మధ్యపరగణాలలో భయంకరమైన కరవు వచ్చింది. ఆ వార్త వినగానే రమాబాయికి తిరుపతి అడవి, తండ్రి ఆకలి, తల్లి పాడె గుర్తుకువచ్చాయి. ఆమె స్వయంగా బయలుదేరి కరవు ప్రాంతాలలో తిరిగారు. ఎముకల గూళ్ళవలె ఉన్న బాలికలను, దుర్మార్గుల పాలబడబోతున్న యువతులను చేరదీశారు. కొద్ది నెలలలోనే అట్లా చేరినవారు మూడువందల వరకు అయ్యారు. పూణెలో అప్పుడే ప్లేగు వ్యాపించినందున అధికారులు కొత్తవారిని చేర్చుకోనివ్వలేదు. పండ్లతోట కోసమని కేడ్‌గావ్‌లో అంతకుముందే కొనివుంచిన భూమి ఆ సమయంలో అక్కరకు వచ్చింది. చెట్లక్రింద, గుడారాలలో, గడ్డిపాకలలో ముక్తి ఆశ్రమం ఆరంభమయింది. 1900లో గుజరాతు కరవు బాధితులు కూడా చేరగా, ఆశ్రమవాసుల సంఖ్య పదిహేను వందలకు చేరింది.

కులం అడుగలేదు; ఊరు అడుగలేదు. వచ్చినవారికి మొదట అన్నం, తరువాత స్నానం, బట్ట, ఆ తరువాత అక్షరం. ఇదే ఆమె పాఠ్యక్రమం. పెద్ద బాలికలు చిన్నవారికి చదువు చెప్పేవారు. వారి ఆలనాపాలనా చూచేవారు. నిన్నటి విద్యార్థిని నేటి ఉపాధ్యాయిని కావడం అక్కడ నిత్యకృత్యం. అంధులకు వ్రేళ్ళతో తడిమి చదివే చుక్కల లిపి నేర్పారు. ముక్తి బహిరంగంగా క్రైస్తవ ఆశ్రమమే. శారదా సదనంలో వలె ఇక్కడ ఇచ్చిన మాటకూ చేసే ప్రార్థనకూ మధ్య సంఘర్షణ లేదు.

చదువుతోపాటు చేతిపని అక్కడ తప్పనిసరి. బావులు త్రవ్వారు, కూరగాయలు పండించారు, పశువులను పెంచారు. కుట్టుపని, బుట్టల అల్లిక, నూనె గానుగ, ముద్రణ, అన్నిటితోపాటు నేత. ముక్తిలోని బాలికలు మగ్గంపై కూర్చుండి ఆశ్రమవాసులకు కావలసిన బట్ట తామే నేసేవారు. శాస్త్రం తెలిసినా చేతిపని తెలియక తన కుటుంబం ఆకలితో నశించిపోయిందన్న బాధ రమాబాయిని ఎన్నడూ వీడలేదు. తన దగ్గర పెరిగే ఏ ఆడపిల్లకూ ఆ గతి పట్టరాదని ఆమె కోరుకొన్నారు. కండెలు చుట్టే చేయి పుస్తకమూ పట్టగలదు, పుస్తకం పట్టిన చేయి కండెలు చుట్టడానికి సిగ్గుపడరాదు అన్నది ఆమె ఆచరణలో చూపిన పాఠం. భివండి వంటి శ్రామికుల ఊరికి ఈ పాఠం విశదీకరించి చెప్పనక్కరలేదు.

తల్లీ కూతురూ

మనోరమ పెరిగి పెద్దదై, విదేశాలలోనూ స్వదేశంలోనూ చదువుకొని, బొంబాయి విశ్వవిద్యాలయ పట్టభద్రురాలయ్యారు. తల్లికి కుడిభుజమై శారదా సదనం బాధ్యత వహించారు. నిజాం రాజ్యంలోని గుల్బర్గాలో పాఠశాల స్థాపించినప్పుడు దాని భారం కూడా మనోరమపైనే పడింది. వినికిడి బాగా తగ్గిన తల్లికి ఆమె చెవిగా, కలంగా మెలిగారు. తన తరువాత ముక్తిని మనోరమ నడుపుతుందని రమాబాయి నిశ్చింతగా ఉన్నారు.

ఆమె జీవితపు చివరి పదిహేనేళ్ళ పైచిలుకు కాలాన్ని ఒక మహాకార్యం ఆక్రమించుకొన్నది. మరాఠీ బైబిలు అంతకుముందే ఉన్నా, దానిలోని సంస్కృతభూయిష్ఠమైన భాష సామాన్య స్త్రీలకు అర్థమయ్యేది కాదు. అందుచేత రమాబాయి హీబ్రూ, గ్రీకు భాషలు నేర్చుకొని, మూలం నుండి బైబిలును సులభమైన మరాఠీలోనికి స్వయంగా అనువదించసాగారు. సంస్కృతంలో బిరుదులు పొందిన పండితురాలు, పొలంలో పనిచేసే స్త్రీకి తెలిసే మాటల కోసం వెదకడం గమనింపదగినది. అక్షరాలు కూర్చి అచ్చువేసిన పని కూడా ముక్తి స్త్రీలదే. ఒకనాడు అక్షరం ముఖమెరుగని కరవుపిల్లలు ఆ అచ్చు అక్షరాలను వరుసగా పేర్చారు.

ఆ కార్యం తుదిదశలో ఉండగా, 1921 జూలై 24న మనోరమ నలభై ఏళ్ళ వయస్సులో మరణించారు. తల్లిని, తండ్రిని, అక్కను, అన్నను, భర్తను సాగనంపిన రమాబాయి చివరకు కూతురిని కూడా సాగనంపవలసివచ్చింది. తల్లి నుండి తనకూ, తన నుండి కూతురికీ వచ్చిన చదువుల దారం అక్కడ తెగిపోయినట్లు తోచవచ్చు. ఆమె మాత్రం మరల తన బల్ల ముందు కూర్చుండి మిగిలిన పుటలను దిద్దడంలో నిమగ్నులయ్యారు. 1922 ఏప్రిల్ 5న, అరవై నాలుగేళ్ళు నిండడానికి కొద్దిరోజుల ముందు, ఆమె కన్నుమూశారు. ఆమె అనువదించిన సంపూర్ణ బైబిలు 1924లో వెలువడింది.

1919లో ఆంగ్ల ప్రభుత్వం ఆమెకు కైసర్-ఇ-హింద్ పతకం ఇచ్చింది. 1989లో భారత ప్రభుత్వం ఆమె స్మారకంగా తపాలాబిళ్ళను విడుదల చేసింది. ఈ గౌరవాలకంటే పెద్దది కేడ్‌గావ్‌లో ఉంది. ఆమె పోయి నూరేళ్ళు దాటినా ముక్తి తలుపులు మూతపడలేదు. దిక్కులేని స్త్రీలకూ పిల్లలకూ అది నేటికీ ఆశ్రయమిస్తూనే ఉంది.

వజ్రోత్సవం వంటి శుభసందర్భాలలో మహనీయుల జీవితాలను స్మరించుకోవడం ఆనవాయితీ. రమాబాయిని స్మరించడం మాత్రం ఒక బాధ్యతను కూడా గుర్తుచేస్తుంది. ఆమెకు తల్లి ఇచ్చినవి రెండే: తెల్లవారుజామున కొంత సమయం, నోటితో చెప్పిన పాఠం. డబ్బు లేని తల్లి, ఇల్లు లేని తల్లి ఇవ్వగలిగినవి ఆ రెండే. మగ్గం ఆగిన వేళ, వంట ముగిసిన వేళ, బిడ్డను ప్రక్కన కూర్చోబెట్టుకొని తన భాషలో నాలుగు మాటలు చదివించే తల్లి ఏ ఊరిలో ఉన్నా, ఏ మతంలో ఉన్నా, లక్ష్మీబాయి చేసిన పనినే చేస్తున్నది. ఆ బిడ్డ ఆడపిల్ల అయితే, పదవ తరగతి కాకముందే చదువు మాన్పించవలసివచ్చినదని బాధపడే ఇల్లయితే, ఆ తల్లిదండ్రులు అనంతశాస్త్రి దంపతులను ఒక్కసారి తలచుకోవాలి. ఊరంతా వలదన్నా వారు చదువు చెప్పారు. వారి ఒక్క బిడ్డ చదివినందువల్ల వేల ఇళ్ళలో దీపం వెలిగింది.

పడుగు ఎంత పొడవైనా, పేక అడ్డంగా పడినప్పుడే అది బట్ట అవుతుంది. తరతరాల కష్టం పడుగు అయితే, చదువు దానిపై పడే పేక. కేడ్‌గావ్ మీదుగా రైలు వెళ్ళినప్పుడు కిటికీలోనుండి ఆ ఊరిని పిల్లలకు చూపించి, అక్కడ నివసించిన ఆ తల్లి కథ చెప్పడం పెద్దల వంతు.